తాడుంది కదమ్మా

“ఆయన్ని దూకనివ్వకండి, మీకు దణ్ణం పెడతాను!” అంటూ టైలరుగారి భార్య ఓడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

చుట్టూ మంచుగడ్డలు, వాటి మధ్య నల్లటి నీళ్లు. ఓడ పక్కన దించిన మెట్ల దగ్గర ప్రయాణికులు వరసకట్టారు. ఒక్కొక్కరూ నడుముకి తాడు కట్టించుకోవడం, ధబీమని దూకడం, కెవ్వుమనడం, పైకి లాగించుకుని దుప్పట్లో దూరడం. ధ్రువాల దాకా వచ్చినవాళ్లకి ఇదో సరదా. టైలరు నిక్కరు మీద తువ్వాలు కప్పుకుని పదకొండోవాడుగా నిలబడ్డాడు.

“ఆయనకేం జబ్బు?” అడిగింది డాక్టరమ్మ.

“గుండె జబ్బండీ.”

“నిన్న నేనే పరీక్ష చేశాను కదమ్మా! మనిషి గుండ్రాయిలా ఉన్నాడు.”

“అయితే... మూర్ఛ.”

వరసలో వాళ్లు కిసుక్కున నవ్వారు. మొగుడికి లేని రోగాలు అంటగట్టే ఇల్లాలిని ఎవరు మాత్రం ఎక్కడ చూశారు కనక!

“మా ఆవిడ అంతేనండీ, వానలో తడిసినా ఊరుకోదు,” అని టైలరూ నవ్వాడు. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కక, దుకాణం మూసేసిన మనిషతను. ఆరు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈ ప్రయాణం ఖాయమయ్యాకే మొహంలో నవ్వు కనిపించింది.

తాడు కట్టే అతనికి ఆవిడని చూసి జాలేసింది. “తాడుంది కదమ్మా! వంద కిలోల మనిషిని కూడా లాగాను. ఎటూ పోనివ్వను.”

“తాడుంటే...” అంది. మొగుడి నడుం వైపు చూసింది.

ఎనిమిదో మనిషి దూకాడు. తొమ్మిదో మనిషీ దూకాడు. ఆవిడ మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

“ఏమండీ, నా మాట వినండి. గదికి పోదాం రండి.”

“ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా? ఈ ఒక్కటీ కానివ్వు. ఆ తరవాత నిన్నేమీ అడగను.”

పదో మనిషి మెట్లు దిగుతున్నాడు. దూకి వచ్చినవాళ్ల కోసం పక్కన బల్ల మీద బ్రాందీ పోసి ఉంచారు. ఆవిడ ఒక గ్లాసు శాలువా చాటున పెట్టుకుంది. ఏడుస్తూ మొగుణ్ణి వాటేసుకుని, అతని తువ్వాలు మీద ఒంపేసింది.

“డాక్టరుగారూ! ఈయన తాగి ఉన్నారండీ! కావాలంటే వాసన చూడండి!”

తాగినవాళ్లు దూకకూడదని అక్కడ కట్టుదిట్టమైన నియమం. డాక్టరమ్మ దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది.

“నేనా? ముప్పై ఏళ్ల కాపురంలో చుక్క ముట్టానా? చెప్పవే!” అరిచాడు టైలరు.

“రోజూ తాగుతారు. తాగొచ్చి నన్ను కొడతారు కూడా. ఒట్టు!” అందావిడ, కన్నీళ్లు ధారగా కారుతుంటే.

డాక్టరమ్మ అతని పేరు కొట్టేసింది. వరసలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అందరూ అతన్ని పురుగుని చూసినట్టు చూస్తున్నారు.

“నా పరువు గంగలో కలిపేశావే,” అన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“కలిపేశాను. నడవండి.”

అతని నడుం చుట్టూ చెయ్యి వేసి, బిగించి పట్టుకుని, గదివైపు నడిపించింది. నిక్కరు నడుంపట్టీలో అతను దోపి దాచుకున్న కత్తి, పొద్దున తగిలినట్టే, మళ్లీ ఆమె వేళ్లకు తగిలింది.