ఇంజన్ పథ్యం

"ఈ పిస్టన్లు చూడు, ఎలా అరిగిపోయాయో! ఇన్నాళ్ళూ ఈ బండి ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి" అన్నాడు మెకానిక్ అన్నయ్య.

చెల్లెలు పిస్టన్ల వంక చూడలేదు. షెడ్డు మధ్యలో, బోనెట్ తెరుచుకుని, ఇంజన్ లేక బోసిగా నిలబడ్డ తన భర్త పికప్ ట్రక్కునే చూస్తోంది.

"కొత్తవి వేశాక ఇంకా వేగంగా పోతుందా?"

"పోదూ మరి? సిలిండర్లకు బోరింగ్ చేయించాను. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. నిండు లోడుతో కూడా కొండ రోడ్డు ఆయాసపడకుండా ఎక్కేస్తుంది."

"అదే నా భయం, అన్నయ్యా."

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. భర్త కొండ అవతలి ఫ్యాక్టరీ నుంచి టైల్స్ తోలతాడు. తోటి డ్రైవర్లు అతనికి రాకెట్ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి అతను ఒళ్ళు మరచి తోలేవాడు. అలిసిపోయిన ఇంజన్ ఎక్కుడులో పోగొట్టిన సమయాన్నంతా దిగుడులో రాబట్టేవాడు. కిందటి నెల ఒక మలుపులో వెనక చక్రం రోడ్డు దిగిపోయి, బండి లోయ అంచున ఆగింది. ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు మహానుభావుడు. అప్పటినుంచి బండి చప్పుడు వినిపించేదాకా ఆమె కంటిమీద కునుకు లేదు. చెప్పి చూసింది, ఏడ్చి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"కొత్తగా కట్టిన ఇంజన్‌కి కొన్నాళ్ళు పథ్యం ఉంటుందంటావు కదా?" అని అడిగింది.

"ఉంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు స్పీడు నలభై దాటకూడదు. రింగులు కుదురుకోవాలి. తొందరపడితే మళ్ళీ పొగ, మళ్ళీ నా షెడ్డు."

"ఆ వెయ్యీ అయ్యాక ఇంకో వెయ్యి అను. అదీ అయ్యాక ఇంకోటి."

"నా చేత్తో కట్టిన ఇంజన్ గురించి నేనే అబద్ధం చెప్పాలా?"

"ఆయన నా మాట వినరు. ఇంజన్ మాటైతే వింటారు."

అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. మౌనం అర్ధాంగీకారం అనుకుని ఆమె ఇంటికి బయల్దేరింది.

బండి తీసుకెళ్ళే రోజున పథ్యం సంగతి విని భర్త లబలబలాడాడు.

"నలభయ్యా! అంతకంటే టైల్స్ నెత్తిన పెట్టుకుని నడిచిపోవడం నయం బావా."

"నీ ఇష్టం. తర్వాత పొగ వస్తే నన్ననకు."

గొణుక్కుంటూనే నలభైలో తోలాడు. మొదటి సర్వీసు చేయించుకుని ఇంటికొచ్చి, "మీ అన్నయ్య ఇంకో వెయ్యి అన్నాడు" అంటూ తాళాలు బల్లమీద పడేశాడు. ఆమె మనసులోనే అన్నయ్యకు దండం పెట్టుకుంది. రెండో సర్వీసుకీ అదే మాట, మూడో సర్వీసుకీ అదే మాట.

ఆమెకు నిద్ర పట్టడం మొదలైంది. "నేను వచ్చేసరికి ఇల్లంతా నీ గురకే. తలుపు కూడా నేనే తీసుకోవాల్సి వస్తోంది" అని అతను వెక్కిరించేవాడు.

కానీ బయట రాకెట్ కాస్తా నత్త అయింది. ఒకరోజు తోటి డ్రైవరు వాకిట్లోనే నిలబడి, "నత్తగారూ, రేపటి లోడుకి ఇవాళే బయల్దేరండి!" అని పకపకా నవ్వాడు.

"ఏం చేయను, మా బావ పెట్టిన పథ్యం" అని భర్త కూడా నవ్వేశాడు. లోపల అన్నం తింటూ విన్న ఆమె మాత్రం కంచం పక్కకి జరిపేసింది. తనను నమ్మిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసింది తనే. చెయ్యి కడుక్కుని, తిన్నగా షెడ్డుకు వెళ్ళింది.

"అన్నయ్యా, ఇక చాలు. ఆయనకి నిజం చెప్పేద్దాం."

"ఏం నిజం?"

"పథ్యం ఎప్పుడో అయిపోయిందని. నా నిద్ర పోతే పోనీ. ఆయన్ని ఇంకా మోసం చేయడం నా వల్ల కాదు."

అన్నయ్య పానా కింద పెట్టి ఆమె వైపు వింతగా చూశాడు.

"అది మొదటి సర్వీసు రోజే మీ ఆయనకి చెప్పేశానమ్మా, నువ్వెందుకు అబద్ధం చెప్పమన్నావో కూడా."