ఐదింటి బస్సు

“నా కూతురి హాలుటికెట్టు తీస్తావా, సైకిలు విరగ్గొట్టమంటావా?”

పీరు సాయిబు హ్యాండిలు వదల్లేదు. పోస్టుమాన్ పానకాలు సైకిలు దిగి, సంచీలో ఉన్నదంతా మిరప కళ్లం పక్కన నేలమీద బోర్లించాడు. నాలుగు ఉత్తరాలు, ఒక శుభలేఖ. కరీమున్ మోకాళ్లమీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. హాలుటికెట్టు లేదు.

ఆమె చేతిలో ఉన్న కార్డు ఇందాక పానకాలు ఇచ్చిందే. గుంటూరు నుంచి ట్యుటోరియల్ కాలేజీవాళ్లు రాశారు. హాలుటికెట్టు పన్నెండు రోజుల క్రితమే పంపించాం, అది లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు అని. పరీక్ష రేపు పొద్దున పదింటికి, గుంటూరులో.

మూడేళ్లుగా ఆ కాలేజీ పోస్టులో పంపిన పాఠాలే కరీమున్ చదువు. ఏడో పాఠం కంటే ముందు తొమ్మిదో పాఠం వచ్చేది. లెక్క అర్థంకాక కార్డు రాస్తే, జవాబు వచ్చేసరికి ఏ లెక్క అడిగిందో మరిచిపోయేది. అయినా వదల్లేదు. ఈసారి మెట్రిక్ గట్టెక్కితే టీచర్ ట్రైనింగు. వచ్చే ఏడాదికి ఆ వయసు కూడా దాటిపోతుంది. ఇక బతికినన్నాళ్లూ ఘాటుకి దగ్గుతూ కళ్లాల్లో తాలుకాయలు ఏరుకోవడమే.

“పన్నెండు రోజులంటరా! ఎక్కడ పారేశావ్?” అని అరిచాడు పీరు.

“పారేస్తే నాకేం ఒరుగుద్ది బావా? మీ ఇంటికి నేను తెచ్చేవి రెండే. నీకు రిజిస్టరు నోటీసులు, పిల్లకి పాఠాలు. అవేమో నువ్వు ముట్టుకోవు, ఇవేమో ఆలస్యమైనాయని నన్ను తిడతావు.”

“చేను నాది. నల్లపాడు జాన్ బాషాగాడు గుంటూరు కోర్టు నుంచి నోటీసులిస్తే నేనెందుకు ముట్టుకుంటా? మాట తప్పించబాక!”

“మొన్న చలిజ్వరమొచ్చి నేను వారం లేవలా. దర్శి నుంచి ఇంకొకతనొచ్చి పంచాడు. ఏదన్నా ఉంటే అతన్నే అడగాల.”

పీరు పానకాలు చొక్కా పట్టుకున్నాడు. కరీమున్ అడ్డం వచ్చి విడిపించింది.

“వదిలెయ్ నాయనా. కొడితే టికెట్టొస్తదా?”

ఐదింటికి గుంటూరు బస్సు వచ్చింది. రోజుకి అదొక్కటే. మూట, కొత్త పెన్ను పట్టుకుని కరీమున్ రోడ్డుమీద నిలబడింది. “ఎక్కమ్మా, ఎవరి కాళ్లన్నా పట్టుకుందాం” అన్నాడు పీరు. “టికెట్టు లేనిదే కూర్చోనివ్వరని రాశారుగా నాయనా. అక్కడ మనకెవరు తెలుసు?” అంది. కండక్టరు కాసేపు చూసి రైట్ అన్నాడు. బస్సు మలుపు తిరిగాక ఆమె మూట కింద పడేసి ఏడ్చింది. మూడేళ్ల చదువూ మట్టిలో కలిసిపోయిందని వెక్కివెక్కి ఏడ్చింది.

కూతురి ఏడుపు చూడలేక పీరు పానకాలును మళ్లీ తిట్టడం మొదలెట్టాడు.

“పానకాలుగాడికన్నా ఆ దర్శి అతను వెయ్యి రెట్లు నయం. ఎండలో పడి చేలోకొచ్చి మరీ రిజిస్టరు కవరు ఇవ్వబోయాడు.”

కరీమున్ తలెత్తింది.

“ఏం కవరు నాయనా?”

“నీ చదువు పాడవుతుందని చెప్పలేదమ్మా. ఎక్కణ్నుంచంటే గుంటూరు అన్నాడు. ఈసారి ఆ జాన్ బాషాగాడు ఏకంగా నీ పేరుమీదే పంపించాడు. ఆడపిల్లని కోర్టుకీడిస్తే ఊరుకుంటానా? ముట్టుకోకుండా వెనక్కి కొట్టించేశాను!”