గౌరయ్య చూపించిన మద్రాసు

పాలేరు వాగు హైవే మీదికెక్కి, కోదాడ అవతల బస్సులన్నీ నిలిచిపోయిన ఏడాది. ఆ చలికాలంలో గౌరయ్యకు పెద్ద చిక్కొచ్చి పడింది. కూతురు వందన సూర్యాపేట నుంచి వచ్చి, రెండు రైలు టికెట్లు చేతిలో పెట్టింది.

“మద్రాసుకు నాయినా. నువ్వూ, అమ్మా. పొద్దున దిగుతరు, సాయంత్రం మళ్ల ఎక్కుతరు. అమ్మకు నువ్వే దగ్గరుండి అన్నీ సూపియ్యాలె.”

గౌరయ్య టికెట్లను తిరగేసి మరగేసి చూశాడు.

ముప్పై ఏళ్లు ఆయన మిర్యాలగూడ మిల్లుల నుంచి మద్రాసుకు బియ్యం లారీ నడిపాడు. సొంతూరు మోతెలో ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. పగటిపూట లారీలను మద్రాసులోకి రానివ్వరు. ఊరి బయట మండీలో మూటలు దించి, అక్కడే స్నానం చేసి, ఖాళీ లారీతో వెనక్కి తిరగడమే. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా గౌరయ్య మద్రాసు లోపల కాలు పెట్టలేదు.

పెళ్లయిన కొత్తలో సీతమ్మ అడిగింది, “సముద్రం ఎట్లుంటదయ్యా?” అని. చూడలేదంటే చిన్నతనం. “మస్తుంటది” అన్నాడు. అదే మొదలు. ఆ తర్వాత ఆ కట్టుకథకు ట్రిప్పుకో ముక్క కలిసింది. ఓడలకు దారి చూపే దీపస్తంభం ఎక్కి మెట్లు లెక్కపెట్టాడు. ఇసుకలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాడు. పలకరిస్తే పలకని మనిషి, మద్రాసు మాటొస్తే మాత్రం వరసపెట్టి చెప్పేవాడు. సీతమ్మ అన్నం కలపడం మాని వినేది.

ఇప్పుడు ఆ ముప్పై ఏళ్ల పరువూ ఒక్క రోజులో పోయేట్టుంది.

మద్రాసులో దిగి స్టేషన్ బయట నిలబడ్డారు. నాలుగు వైపులా రోడ్లు. అన్నిటి మీదా బస్సులే. గౌరయ్య మీసం సవరించుకుంటూ అటూ ఇటూ చూశాడు.

“ఎటు పోదామయ్యా?”

“జర ఆగు. యాది చేసుకుంటున్న.”

“గీ రోడ్డు దాటుడు నాతోటి కాదు. అందరు గా భూమి కింది దారిల దిగుతున్నరు, మనం గూడ దిగుదాం పా.”

దిగి, అవతల తేలారు. ఎదురుగా చిన్న రైల్వే స్టేషన్. ప్లాస్టిక్ బకెట్లు, బంతులు పట్టుకున్న పిల్లల్ని వెంటేసుకుని జనం లోపలికి పోతున్నారు. సముద్రానికే అయ్యుంటుంది.

“గీ స్టేషన్ కోసమే సూస్తున్న” అన్నాడు గౌరయ్య.

రైలెక్కాక ఇంకో గండం. ఎక్కడ దిగాలి? ఎవరినైనా అడుగుదామంటే పక్కనే సీతమ్మ. నాలుగో స్టేషన్‌లో ఆమే లేచింది.

“ఇగ నా నడుం పట్టేసింది. దిగుదాం. నడుసుకుంటనన్న పోదాం.”

“నేనూ గదే అందామనుకున్న.”

దిగి చూస్తే, దూరంగా ఇళ్ల మీదుగా ఎరుపూ తెలుపూ పట్టీలతో దీపస్తంభం! గౌరయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. లేచిన వేళ మంచిదనుకున్నాడు. బయటికి రాగానే ధీమాగా కుడికి తిరిగాడు.

“గటు ఎండ కొడ్తంది. గీ నీడకు పోదాం” అంటూ సీతమ్మ ఆయన చొక్కా పట్టి ఎడమకు లాగింది.

నాలుగు మలుపులు తిరిగాక సముద్రం.

గౌరయ్య కాళ్లు ఆగిపోయాయి. అన్ని నీళ్లు! గేట్లు లేవు, కట్ట లేదు, అవతలి ఒడ్డు లేదు. నోరు తెరిచి, సంగతి గుర్తొచ్చి మూసుకున్నాడు. కళ్లే మాట వినలేదు.

“ఏందయ్యా, కొత్తగ సూసినట్టు సూస్తున్నవ్?”

“ఎన్నిసార్లు సూసినా కొత్తగనే ఉంటదే. గదే దీని గొప్ప.”

“అట్లనా! పా, కాళ్లు తడుపుకుందాం.”

తడుపుకున్నారు. మోకాళ్ల దాకా వచ్చిన అలకు సీతమ్మ కెవ్వున అరిచి, మళ్లీ అరవడం కోసం అక్కడే నిలబడింది. బయటికొచ్చాక బజ్జీల మాట ఎత్తింది.

“నువ్వు తినేది ఏ బండి కాడ?”

వరసగా ఇరవై బండ్లున్నాయి. గౌరయ్య ఒకదాన్ని చూపించాడు. బండామె తమిళంలో గబగబా ఏదో అడిగింది. ఆయనకొచ్చిన తమిళం, మండీలో హమాలీల దగ్గర నేర్చిన ఒక్క మాట. మూట మెల్లగా దించమని చెప్పడానికి వాడేది. దాన్నే దర్జాగా వదిలాడు.

“మెదువా! మెదువా!”

బండామె గరిటె ఎత్తింది ఎత్తినట్టే ఆపింది. తర్వాత పకపకా నవ్వి, ఒక బజ్జీ ఎక్కువ వేసింది.

“ఎంత మంచిగ మాట్లాడ్తవయ్యా! నిన్ను గుర్తుపట్టింది” అంది సీతమ్మ.

దీపస్తంభం దగ్గర మాత్రం తన పని అయిపోయిందనుకున్నాడు. టికెట్ తీసుకుని లోపలికి పోతే, ఎదురుగా లిఫ్టు. అందరూ అందులోనే పైకి పోతున్నారు. మెట్లెక్కి ఎక్కి మోకాళ్లు అరిగిన కథ సీతమ్మకు నూరుసార్లు చెప్పి ఉంటాడు.

సీతమ్మ లిఫ్టును కింది నుంచి పైదాకా చూసింది.

“నీ కాలంల ఇది లేకుండె గద. కొత్తగ పెట్టినట్టున్నరు.”

“ఆ... కొత్తదే. సూడు, ఇంక రంగు వాసన గూడ పోలే.”

లిఫ్టు నడిపే మనిషికి తెలుగు రాదు. గౌరయ్య బతికిపోయాడు.

సాయంత్రం రైలెక్కి, పరువు దక్కిన మనిషి ఎలా నిద్రపోవాలో అలా నిద్రపోయాడు.

మరునాడు పొద్దున మోతెలో, పక్కింటి ఊర్మిళకు గోడ మీది నుంచి సీతమ్మ చెబుతోంది. “మా ఆయనకు మద్రాసు మా ఇంటి వాకిలి లెక్కనేనమ్మా. ఒక్కరినన్న దారి అడిగితే ఒట్టు.”

ఇంట్లో, బీపీ గోళీల కోసం ఆమె సంచిలో చెయ్యి పెట్టిన గౌరయ్య, అడుగున దొరికిన కాగితాన్ని కూడబలుక్కుని చదివి, ఉన్న మడతల మీదే మడిచి, చప్పుడు కాకుండా మళ్లీ అక్కడే పెట్టేశాడు. దాని మీద, మహిళా సంఘంలో సంతకం కోసం నేర్చుకున్న సీతమ్మ వంకర అక్షరాల్లో ఇలా ఉంది: ‘స్టేషన్ బయట భూమి కింది దారి. నాలుగో స్టేషన్ల దిగాలె, నడుం నొప్పి అనాలె. ఎడమకు తిరగాలె, ఎండ అనాలె. దీపస్తంభంల లిఫ్టు ఉంటది, కొత్తగ పెట్టిన్రు అనాలె.’