మూడడుగుల కోత

చిత్రిక యంత్రం రొద ఆగేసరికి కొట్టం గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

ఒంటినిండా రంపపు పొట్టుతో ఉన్న వడ్రంగి తల ఎత్తకుండానే అన్నాడు: "మంచం ఇంకా కాలేదండీ. వచ్చే వారం రండి."

"మంచం కోసం కాదు. ఒకసారి పాపను చూద్దామని..."

"వీధిలో అందరూ చూశారు, మీరొక్కరే మిగిలారు. చూడండి. కానీ డాక్టరు, మందు, ఆసుపత్రి, ఈ మూడు మాటలూ ఇక్కడ ఎత్తకండి. ఎత్తారా, చెయ్యి వెనక్కి దాచుకుని ఆ పూటంతా తియ్యదు."

పెద్దమనిషి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

మూలనున్న ముక్కాలిపీట మీద పదేళ్ళ పాప కూర్చుని ఉంది. విరిగిన కుడిచేతికి కట్టు విప్పి నాలుగు నెలలైంది. ఎముక అతికింది గాని, వేళ్ళు మొగ్గలా ముడుచుకునే ఉండిపోయాయి. మరో రెండు నెలల్లో విచ్చుకోకపోతే ఇక ఆశ వదులుకోవలసిందేనన్నారు డాక్టర్లు. పెద్దాసుపత్రిలో చేతుల వైద్యుడి కోసం పేరు రాయించి, ఎంతకీ రాని ఆ వంతు కోసం ఎదురుచూసి తండ్రి అయిన ఆ వడ్రంగికి కళ్ళు కాయలు కాచాయి.

ఒకనాడు బజారులో, వేలు తగిలితే బుడగలు పేలే ఆటపెట్టెను చూసి, పాప తనంతట తానే ఒక వేలు చాపింది.

ఆ ఒక్క వేలి కోసమే ఈ శ్రమంతా. పాత టచ్‌స్క్రీన్ ఒకటి సంపాదించి, దానికి చెక్కతో ఐదున్నర అడుగుల పెట్టె కడుతున్నాడు. బజారులోని దానికి వెంట్రుకవాసి తేడా రాకూడదని పంతం. పగలంతా పరుల పని, మిగిలిన ఓపికంతా ఈ పెట్టెకు.

"ఊరికే నిలబడ్డారేం? ఈ అంచు కాస్త రుద్దండి," అంటూ వడ్రంగి గరుకు కాగితం అందించాడు.

పెద్దమనిషి అందుకున్నాడు.

"కాగితం మడిచి ఇస్తావా తల్లీ?" అని పాపను అడిగాడు.

"నాకు రాదు తాతగారూ."

"నాకూ రాదు. ఇద్దరం కలిసి చెడగొడదాం రా."

పాప నవ్వింది. ఆ నవ్వులోనే రెండు వేళ్ళు కాగితాన్ని పట్టుకున్నాయి.

రెండోరోజూ వచ్చాడు. రుద్దాడు. వెళ్ళబోతూ, "బాబూ, ఒక్క నిమిషం అలా బయటికి వస్తారా?" అన్నాడు.

"పని ముగియనివ్వండి," అన్నాడు వడ్రంగి. యంత్రం మళ్ళీ రొద అందుకుంది.

మూడోరోజుకు పెట్టె సిద్ధమై నిలబడింది. మీట నొక్కగానే తెర నిండా రంగురంగుల బుడగలు తేలాయి. పాప లేచి చెయ్యెత్తింది. ఒకటి పేలింది. రెండోది పేలింది. అంతలో మోచెయ్యి వణికి, చెయ్యి వాలిపోయింది.

"నా చెయ్యి ఇక దేనికీ పనికిరాదు నాన్నా."



"తప్పు నీ చేతిది కాదు తల్లీ, ఈ ఎత్తుది," అన్నాడు పెద్దమనిషి. వడ్రంగి వైపు తిరిగాడు. "చెయ్యి పైకెత్తి పట్టుకోవడానికే ఉన్న బలమంతా సరిపోతోంది. ఇక వేళ్ళకేం మిగులుతుంది? కింది భాగం కోసేసి, పైభాగాన్ని వెల్లకిలా పడుకోబెట్టండి. మోచెయ్యి చెక్కమీద ఆనుతుంది."

"ఎంత కోయమంటారేం?"

"మూడడుగులు. వామనుడు అడిగినంతే."

"వామనుడికి ఇచ్చినవాడు ఎక్కడ తేలాడో నాకూ తెలుసు లెండి! నెలరోజులు నడుం విరగ్గొట్టుకున్నాను. కోస్తే ఇది ఆటపెట్టె అవదు, పీట అవుతుంది. ఇంతకీ తమరు ఎన్నేళ్ళు చేశారు చెక్కపని?"

"చెక్కపని నాకు రాదు బాబూ."

"రానప్పుడు వచ్చినవాణ్ణి చెయ్యనివ్వండి. దయచేయండి!"

పెద్దమనిషి చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. పాప తల నిమిరి, మెల్లగా మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

నాలుగు రోజులు పాప రెండేసి బుడగలు పేల్చి చెయ్యి దించేసింది. ఐదోరోజు కొట్టంలోకే రాలేదు.

"ఆ పెద్దాయన మాట ఒకసారి విని చూస్తే మీ రంపం అరిగిపోతుందా?" అంది భార్య. "పిల్ల చేతికంటే పెట్టె కాళ్ళు ఎక్కువా మీకు?"

వడ్రంగి వెళ్ళి పెట్టెకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి రంపం అందుకున్నాడు. తన చేతిపనిని తానే కోయవలసి వచ్చినవాడికి రంపం ఎంత బరువో ఆ పూట తెలిసింది.

పడుకోబెట్టిన తెర ముందు పాప పీట వేసుకుంది. మోచెయ్యి చెక్కమీద ఆనింది. ఒక వేలు విచ్చుకుంది. కాసేపటికి రెండోది. పదిరోజులు తిరిగేసరికి ఐదు వేళ్ళూ బుడగల వెంట పరుగులు తీస్తున్నాయి.

వడ్రంగి ఆ పెద్దమనిషి కోసం వీధి వీధంతా అడిగాడు. "మీ చుట్టమే అనుకున్నామే!" అన్నారు అందరూ.

ఆ నెలాఖరుకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వంతు వచ్చిందని. ఇక అవసరం లేకపోయినా, ఒకమాట చెప్పించుకుందామని పాపను తీసుకుని వెళ్ళాడు.

"ఆ చేతుల డాక్టరుగారు లేరండీ. పదవీ విరమణ చేసి ఊరు వదిలి వెళ్ళిపోయారు. కొత్తాయన చూస్తారు," అంది చీటీలు రాసే ఆమె. పాప పేరు వెతికి, కాగితం తీసి, ఆశ్చర్యపోయింది. "అదేమిటి, మీ పాపను చూసేశారుగా?"

"ఎప్పుడు? మేమసలు రానేలేదే!"

ఆమె ఆ కాగితాన్ని అతని వైపు తిప్పింది.

అందులో ఇలా ఉంది: "వంతు వచ్చేలోగా నా పదవీకాలం ముగుస్తున్నందున ఇంటికే వెళ్ళి మూడు రోజులు పిల్ల చెయ్యి చూశాను, తప్పక బాగుపడుతుంది, తండ్రి పనిలో ఉన్నందున పరిచయం చేసుకోవడం కుదరలేదు."