కుడి ముందు చక్రం

జాకీ నాలుగోసారి ఒరిగింది. చంద్రయ్య గబుక్కున పక్కకు తప్పుకుని, బండిని మళ్ళీ నేలకు దించాడు.

సాయమ్మ పంచర్ షాపు గడప మీద నిలబడి చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా లారీలను లేపిన మొగుడు ఇవ్వాళ ఒక్క కారును లేపలేకపోతున్నాడు. అదీ ఎవరి కారు? ఉపేందర్ సేటు కారు.

మిర్యాలగూడలో రెండు రైస్ మిల్లులు, పన్నెండు లారీలు ఉన్న సేటు ఆయన. ఆ లారీల టైర్ల పని ఏడాది పొడుగునా ఒకరికే అప్పగిద్దామనుకుంటున్నట్టు కిందటి వారమే కబురు చేశాడు. సూర్యాపేట, కోదాడల మధ్య రోడ్డు నాలుగు వరసలయ్యాక లారీలు షాపు ముందు ఆగడం దాదాపు మానేశాయి. ఈ పని దొరక్కపోతే ఎండాకాలం దాటగానే షాపుకు తాళం వేసి, గరిడేపల్లికి వరినాట్ల కూలికి పోవాల్సిందే. అలాంటిది, సరిగ్గా తమ షాపుకు ఎదురుగానే సేటు కారు టైరులో మేకు దిగింది. దేవుడే పంపాడనుకుంది సాయమ్మ. సేటు కూడా దిగుతూనే, "మంచిదే అయింది చంద్రయ్యా. నీ పనితనం ఇయ్యాల నా బండి మీదనే సూస్త," అన్నాడు.

అది గంట కిందటి మాట.

కారు మామూలుది కాదు. ఇల్లంత ఉంది. దానికి లారీల్లా కుదుపు ఆపే ఇనుప కమాన్ పట్టీలు లేవు, గాలి సంచులున్నాయట. ఎగుడుదిగుడు రోడ్డు మీద తన ఎత్తును తానే సరిచేసుకుంటుందట. సేటు ఆ ముచ్చట మురిపెంగా చెప్పాడు. మొన్న పొద్దున మిర్యాలగూడలో బయల్దేరి తిరుపతి, అక్కడ్నుంచి బెంగళూరు, రాత్రికి రాత్రి హైదరాబాదు, ఆగకుండా మళ్ళీ ఇటు కోదాడకు. అంత దూరంలో తన ఒళ్ళు ఒక్కసారి కూడా కుదుపు ఎరగలేదన్నాడు.

ఇప్పుడా సుఖమే ప్రాణం తీస్తోంది. కుడి ముందు మూలను జాకీ పైకెత్తగానే, బండి ఒరిగిపోతోందనుకుని లోపలి మిషను బుస్సుమంటూ మిగతా మూలలను సర్దుతోంది. ఇంజను ఆపినా అది ఆగడం లేదు. జాకీ పక్కకు ఒరుగుతోంది. చక్రం నేలను వదలడం లేదు.

చంద్రయ్య చెక్క దిమ్మలు పెట్టాడు. లారీ జాకీ తెచ్చాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాడు. ప్రతిసారీ అదే బుస్సు.

కోదాడలో మనుషులు ఎదురుచూస్తున్నారు. సేటు ఫోనులో వాళ్ళకు మూడోసారి సంజాయిషీ చెప్పి కుర్చీలోంచి లేచాడు. "షోరూమోడు ఏదో బటన్ ఉంటదని చెప్పిండయ్యా. జాకీ పెట్టేముందు దాన్ని బంద్ చెయ్యాల్నట. మా జైరాంకు ఎరుకే. వాన్ని లేపు."

సేటు డ్రైవరు జైరాం నలభై దాటిన మనిషి. బండి ఆగిన మరుక్షణమే షాపు పక్క నీడలో గోనెపట్టా మీద ఒరిగాడు. సాయమ్మ ఇచ్చిన చాయ్ అతని తల దగ్గరే చల్లారి మీగడ కట్టింది.

"బటన్లతోని ఏమైతది సేటు," అన్నాడు చంద్రయ్య తలెత్తకుండా. "ఇది ఇనుము పని. నాకిడిసిపెట్టుర్రి."

సాయమ్మ తల కొట్టుకుంది. ఈయన మొదట్నుంచీ ఇంతే. ఒకరిని అడగడమంటే చిన్నతనం. పెళ్ళయిన కొత్తలో దామరచర్లకు తొవ్వ అడగలేక, ఆమెను సైకిలు మీద కూర్చోబెట్టుకుని మిర్యాలగూడ చుట్టూ మూడుసార్లు తిరిగిన మనిషి.

ఇక లాభం లేదని తానే జైరాం వైపు నడిచింది.

"ఆడికెందుకు పోతున్నవ్? పెద్ద పానా తే," అని కసిరాడు చంద్రయ్య.

తెచ్చి ఇచ్చింది. దాన్ని ఆయన ముట్టుకోనే లేదు.

సేటు తానే జైరాంను లేపబోయినప్పుడల్లా చంద్రయ్య "అయిపాయె సేటు, ఐదే నిమిషాలు" అంటూ ఆపాడు. ఆ ఐదు నిమిషాలు మరో గంటయ్యాయి. సేటు మాటలు పదునెక్కాయి. ఈ చేతులకు ఎడ్లబండి కూడా ఎక్కువేనన్నాడు. నీళ్ళ కోసం ఆగిన లారీవాళ్ళు నవ్వారు. ఒక్కో మాటా సాయమ్మకు సూదిలా దిగింది. చంద్రయ్య మాత్రం జాకీ ఎత్తుతూ, దించుతూ ఉన్నాడు.

చివరికి జైరాం తనంతట తానే లేచాడు. డ్రమ్ములో నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి, "ఇంకా కాలేదా?" అంటూ స్టీరింగ్ కిందకు చెయ్యి పెట్టి బటన్ నొక్కాడు. బుస్సు ఆగిపోయింది. పది నిమిషాల్లో చక్రం మారింది.

"ఒక్క బటన్ కాడ రెండు గంటలు ఖతం చేసినవ్," అన్నాడు సేటు కారెక్కుతూ. "నా లారీలు నీకెట్ల అప్పజెప్పాలె? కోదాడల ఎవరినన్న సూసుకుంట."

తలుపు పడింది. కారు కదిలింది.

సాయమ్మ అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారిగా కక్కేసింది. "నాకు తెల్వదని ఒప్పుకుంటే నీ మీసాలు ఊడుతుండెనా? ఆ మనిషిని లేపి అడిగితే మన బతుకు బాగుపడుతుండె. నీ మొండితనానికి అంతా నాశనం చేస్తివి."

చంద్రయ్య చేతుల మసి కడుక్కుంటూ, దూరంగా గీత తప్పకుండా పోతున్న కారునే చూశాడు.

"నేనప్పుడే ఆ బటన్ ఒత్తితే, ఆ మనిషి స్టీరింగ్ మీద నిద్రపోతుండె," అన్నాడు.