దారి తప్పిన దెయ్యం

"'రేవులో రక్కసి' టేపు ఉందాండి, బాబూ?"

వీడియో షాపు బల్ల వెనక కూర్చున్న బుజ్జిబాబు తలెత్తాడు. గళ్ల లుంగీ, చంకలో గొడుగు, భుజాన తువ్వాలు. అరవై దాటిన మనిషి. గోదారి దాటించే పంటు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, కాళ్లకింకా రేవు బురద ఆరలేదు.

సీడీలొచ్చాక నరసాపురంలో టేపులడిగేవాళ్లే తగ్గిపోయారు. ఈ సినిమా అడిగేవాళ్లు అసలే లేరు. ఇరవై ఏళ్ల కిందట మొదటాట ఆడి, రెండో ఆట ఆడలేక పడిపోయిన బొమ్మ అది.

"ఉందండి. ఇంటికి పట్టుకెళ్తారా?"

"మాకు టీవీ లేదండి. ఇక్కడే వేస్తారా? దీనికోసం చాలా ఊళ్లు తిరిగాను. నాలుగింటి పంటుకి వెళ్లిపోతాను."

మధ్యాహ్నం పూట బేరాల్లేవు. బుజ్జిబాబు టేపు పెట్టి, స్టూలు జరిపాడు.

హారర్ సినిమా అని అట్ట మీద రాసుంది కాబట్టి తెలిసింది. పేరుకి రక్కసి, రక్కడానికి గోళ్లు లేవు. తెల్లచీర కట్టిన మోహినికి మొహాన మీసం. చచ్చిపోయిన మామగారు తర్వాతి సీనులో కాఫీ తాగుతున్నాడు. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయంటారు, దీనికి కథే వెనక్కి ఉంది.

"ఇప్పుడు చచ్చిందెవరండి?" అడిగాడు బుజ్జిబాబు, నవ్వాపుకోలేక.

"నాకూ తెలీలేదండి." పెద్దాయన మాత్రం నవ్వలేదు. "పట్టిసీమ ఇసకతిన్నె సీను ఇంకా రాలేదాండి?"

"అయితే ఇదివరకే చూశారన్నమాట."

"ఒక్కసారీ చూళ్లేదండి."

చూడని సినిమాలో సీను ఈయనకెలా తెలుసో బుజ్జిబాబుకి అంతు పట్టలేదు.

అంతలో ఫోను మోగింది. వాళ్లమ్మ సత్యవాణి.

"ఒరేయ్ బుజ్జీ, చీర పట్టుకుని వస్తున్నాను. రేవుకి రావాలి."

"మళ్లీ తెల్లచీరేనా? ఊరందరూ గోదారమ్మకి పసుపుచీర పెడతారు. నువ్వు ఏటా తెల్లచీరేంటమ్మా?"

"నేను చూసిందే పెడతాను."

"ఏం చూశావు?"

"చెప్పకూడదు. చెబితే మహిమ పోతుంది. పెట్టెయ్ ఫోను."

ఇదీ అతనికి ఇన్నేళ్లుగా అర్థం కాని కథే.

ఈలోగా ఇసకతిన్నె వచ్చింది. మోహిని హీరో పీక పట్టుకుంది. ఏమైందో ఏమో, పీక వదిలేసి పక్కకి చూసింది. హీరోని ఓ తోపు తోసి, చీర పైకి దోపుకుని, పరిగెత్తుకెళ్లి గోదాట్లోకి దూకేసింది. హీరో బిక్కమొహం వేసుకుని కెమెరా వైపు చూశాడు. కెమెరా అటూ ఇటూ ఊగి నీళ్ల వైపు తిరిగింది. చాలాసేపు ఉత్త నీళ్లే.

అప్పుడు తేలింది దెయ్యం. నెత్తిన విగ్గు లేదు. చేతుల్లో ఓ పిల్లాడున్నాడు. వాడి తల సగం గుండు, సగం జుట్టు.

ఆ వెంటనే పాట.

"ఈ అరగుండుగాడెవడండి మధ్యలో?" బుజ్జిబాబు కడుపు పట్టుకున్నాడు. "కథలో లేడు, పేర్లలో లేడు."

పెద్దాయన అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"ఒడ్డున పెట్టాక ఏమైందో లేదాండి?"

"లేదండి. కట్ చేసేశారు."

"వాడు కళ్లు తెరిచాడో లేదో ఇందులో ఉంటుందనుకున్నాను. బతికాడంటారా?"

"ఈ సినిమాలో బట్ట కట్టింది దెయ్యమొక్కటేనండి. బతికినవాడు లేడు, నిర్మాతతో సహా."

పెద్దాయన భుజాన ఉన్న తువ్వాలు తీశాడు.

"అంతేనంటారా."

తువ్వాలుతో మొహం తుడుచుకుని, గొడుగు తీసుకుని లేచాడు.

"అదేంటండి, ఇంకా గంట సినిమా ఉంది."

"నాకు కావాల్సింది అయిపోయిందండి. చల్లగా ఉండండి బాబూ."

బుజ్జిబాబు ఆయన పేరైనా అడగలేదు.

కాసేపటికి సత్యవాణి చీర కవరుతో వచ్చింది.

"అమ్మా, ఇది చూసి నవ్వుకుందువుగాని రా." టేపు వెనక్కి తిప్పి ఆ సీను వేశాడు.

దెయ్యం దూకింది. దెయ్యం తేలింది.

సత్యవాణి నవ్వలేదు. కవరు బల్ల మీద పెట్టి, తెర దగ్గరకెళ్లి ఆ అరగుండు మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వేరా."

"నేనేంటమ్మా?"

"నీ మూడో ఏట పట్టిసీమలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం. సగం గీశాక మంగలి చేతుల్లోంచి జారిపోయి గోదాట్లో పడ్డావు. ఎవరో నిన్ను తెచ్చి నా ఒళ్లో పడేశారు. తడిసిన తెల్లచీర తప్ప నాకేం కనపడలేదు. అవతల ఎవరో రమ్మని కేకలేస్తున్నారు. నువ్వు నీళ్లు కక్కుకుని ఏడ్చాక తలెత్తి చూస్తే అక్కడెవరూ లేరు. గోదారమ్మే అనుకున్నాను."

బుజ్జిబాబు చెయ్యి తన తల మీదకి పోయింది. మరుక్షణం చీర కవరు లాక్కుని రేవు వైపు పరిగెత్తాడు.

పంటు అప్పటికే కదిలిపోయింది.

"పెద్దాయనా, బతికాడండీ" అని అరిచాడు. ఇంజను మోతలో ఆ మాట అతనికే వినపడలేదు.

నడిగోదాట్లో, పంటు చివర, గళ్ల లుంగీ కట్టుకుని, గొడుగు వేసుకుని, గోదారమ్మ తల్లి అటు తిరిగి నిలబడి ఉంది.