జాగ

"ఇంక్యుబేటర్ల జాగ లేదమ్మా," అని పొద్దున పెద్ద దవాఖానలో నర్సు అన్న మాట ఈదమ్మ చెవుల్లోంచి పోవడం లేదు.

కూతురు సరితకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల, పిడికెడంత ఉంది. అలాంటి పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలన్నీ నిండిపోయాయట. వేరేచోట దొరికితే తీసుకుపొమ్మన్నారు. పాలమూరు నుంచి వచ్చి కూలి అడ్డా మీద నిలబడేవాళ్లకు ఈ పట్నంలో ఎవరున్నారు గనక!

ఏడుపు దిగమింగుకుని అశోక్‌నగర్‌లో పనికొచ్చింది. మేడ పై అంతస్తులో గాజు గోడలతో కడుతున్న కొత్త గదుల పని ముగింపుకొచ్చింది. ఆమె సిమెంటు గమేళా ఎత్తుతుంటే, ఆ గదులు కట్టిస్తున్న హర్ష సారు ఫోన్లో అంటున్నాడు: "మన ఇంక్యుబేటర్ల జాగ డబల్ అయితది. ఇయ్యాల సాయంత్రమే ఓపెనింగ్."

ఈదమ్మ గమేళా కింద పెట్టేసింది. దేవుడున్నాడు!

"సార్, గిది ఇంక్యుబేటరా?"

"అవునమ్మా. జాగ లేక ఎన్నిటినో వాపస్ పంపినం. అందుకే పెంచుతున్నం."

"ఎసొంటివాటిని తీస్కుంటరు?"

"ఇప్పుడిప్పుడే పుట్టినవి. సొంతంగ నిలబడే తాకత్ లేనివి."

"బతుకుతయా సార్?"

హర్ష నవ్వాడు. "బయట వదిలేస్తే పదిట్ల ఒకటి. మా దగ్గరుంటే శానా బతుకుతయి."

చావుబతుకుల మాట నవ్వుతూ ఎట్లా చెప్తున్నాడో అనుకుంది. రోజూ చూసేవాడికి అలవాటేమోలే అని సరిపెట్టుకుంది. వెంటనే దవాఖానలో ఉన్న భర్త మాసయ్యకు ఫోన్ కొట్టింది.

"జాగ దొరికింది! సాయంత్రం పిల్లను నా పనికాడికి తీస్కరా!"

ఇక ఆమె పని చూడాలి, పూనకం వచ్చినట్టే. గాజు గోడలు తుడిచింది. ప్లగ్గుల చుట్టూ అంటిన సిమెంటు గోటితో గీకింది.

"ఏందే, గిది నీ ఇల్లా?" అని మేస్త్రీ బీరయ్య ఎగతాళి చేశాడు.

"నా మన్మరాలిది అనుకో," అంది.

సాయంత్రం మాసయ్య ఆటో దిగాడు. అంబులెన్సు లేకుండా వద్దని నర్సు అంటున్నా, కాగితం మీద వేలిముద్ర వేసి తెచ్చాడు. చొక్కా లోపల రొమ్ముకు అదుముకున్న పిల్లకు పెదాలు నీలంగా మారాయి. ఏడుపైనా లేదు.

ఈదమ్మ పిల్లను అందుకుని, ఓపెనింగుకు వచ్చినవాళ్లను తోసుకుంటూ హర్ష ముందు నిలబడింది.

"సార్, నీ కాల్మొక్త. జల్ది లోపల పెట్టుండ్రి!"

హర్ష ఆ పసిగుడ్డును చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"అమ్మా... మా ఇంక్యుబేటర్ పసిపిల్లలకు కాదు, కొత్తగ పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు."